ద్విధ్రువ వ్యాధి గలవారిలో కుంగుబాటు: దాని చికిత్స



వార్షికోత్సవ సభలో, పాటకచేరికిని పిల్లల నాటికకును నడుమ, మనోవ్యాధిని గూర్చిన ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. అందులకు కారణ మొక్కటి చాలును. జాతీయ నేర నమోదుల సంస్థవారి లెక్కల ప్రకారము 2022లో దేశమంతటను లక్ష జనాభాకు 12.4 ఆత్మహత్యలు జరుగగా, అండమాను నికోబారు దీవులలో ఆ సంఖ్య 42.8. ఒక్క సిక్కిమును మినహాయించిన దేశమున మరే రాష్ట్రమునను ఇంతటి సంఖ్య లేదు. ఈ దీవులలో నివసించువారిలో నూటికి పదుముగ్గురు తెలుగు తమ మాతృభాష యని 2011 జనాభా లెక్కలలో వ్రాయించుకొనిరి. కావున ఆ 42.8లో తెలుగువారి యిండ్లకు సంబంధము లేదని యెవరును నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

ఈ మరణము లన్నిటికిని ఒకే కారణ మనుట పొరపాటు. అప్పులు, మద్యము, సంసారకలహములు, ఒంటరితనము మున్నగునవి యెన్నియో కలవు. అయినను ఆత్మహత్యాభయము మిక్కిలి హెచ్చుగా నుండియు, గుర్తించినచో చికిత్సకు చక్కగా లొంగు వ్యాధి యొకటి కలదు. దానిని నేటి వైద్యులు బైపోలార్ డిజార్డర్ అందురు. తెలుగున ద్విధ్రువ వ్యాధి యనవచ్చును. 1899లో జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపలిన్ దీనిని ఉన్మాద విషాద వ్యాధి యను పేరుతో వర్ణించెను. ఈ రోగులలో ఆత్మహత్యాభయము సామాన్య జనులకన్న ఇరువది మొదలు ముప్పది రెట్లు అధికమని పరిశోధకులు లెక్కకట్టిరి. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, జీవితమున ఎప్పుడైన నీ వ్యాధికి లోనైనవారు నూటికి సగము, అనగా ఇన్నూరుమందికి ఒకరు చొప్పున తేలిరి. పెద్ద ఆఫీసు ఏదైనను ఇన్నూరుమంది లేకుండ నుండదు.

ఈ వ్యాధికి రెండు ముఖములు. ఒకటి పొంగు, రెండవది కుంగు. పొంగుదశలో మనిషికి నిద్ర యక్కరలేదు, అలసట తెలియదు, మాటకు అడ్డుండదు, చేతిలో డబ్బు నిలువదు. లేనిపోని గొప్ప ఆలోచనలు వచ్చును. ఎదురు చెప్పినవారిపై కోపము వచ్చును. కుంగుదశలో ఇందులకు సరిగా విరుద్ధము. ఏ పనియందును ఇష్ట ముండదు, తిండి సహింపదు, మెలకువ తెల్లవారుజాముననే వచ్చును, తాను పనికిమాలినవాడ నను భావము రాయివలె గుండెపై కూర్చుండును. రెండు వారములకు తక్కువ కాకుండ ఇది సాగినప్పుడే వైద్యులు దానిని కుంగుబాటుగా లెక్కింతురు. ఒకనాటి దిగులును రోగ మనరు.

లోకులు వినునది పొంగును గూర్చియే. వీథిలో కేకలు వేసినవాడు పదిమంది కంటబడును. గదిలో గోడవైపు తిరిగి పండుకొన్నవాడు ఎవరి కంటబడును? కాని రోగి జీవితమును ఎక్కువగా తినివేయునది కుంగుబాటే. అమెరికాలో 146 మంది రోగులను సుమారు పదుమూడేండ్లు వెన్నంటి చూచి 2002లో ప్రకటించిన పరిశోధనలో, వారు నూటికి 32 వారములు కుంగుబాటు లక్షణములతోను, 9 వారములు మాత్రమే పొంగు లక్షణములతోను గడపినట్లు తేలినది. అనగా ఒకటికి మూడు రెట్లకు మించి. ప్రాణములు పోవుటయు నెక్కువగా ఈ దశయందే.

ఇక చికిత్సలోని చిక్కు. ఒక ఆఫీసులో యు.డి.సి. యొకరు ఉన్నారనుకొనుడు. రెండేండ్ల క్రిందట దసరా రోజులలో ఆయన పది దినములపాటు రేయింబవళ్లు తిరిగెను. నాటకమునకు చందాలన్నియు తానే పోగుచేసెను, జి.పి.ఎఫ్. నుండి డబ్బు తీసి బంధువుల కందరకును బట్టలు కొనెను, సెక్షను ఆఫీసరుతో తగవు పడెను. అందరును ఆయన ఉత్సాహమును మెచ్చుకొనిరే గాని యెవరును శంకింపలేదు. ఇప్పు డాయనకు మొగము కడుగుకొనుటకును శక్తి చాలదు. భార్య బలవంతముపై డాక్టరు వద్దకు పోయి, నిద్ర లేదు, ఆకలి లేదు, బ్రతుకు మీద ఆశ లేదు అని చెప్పును. దసరా మాట ఆయన చెప్పడు. అది రోగమని ఆయన యెరుగడు. డాక్టరు అడుగడు. సామాన్యమైన కుంగుబాటునకు ఇచ్చు మాత్రలు వ్రాసి పంపును.

ఇచ్చటనే ప్రమాదము. ఫ్లూయాక్సెటీను, సెర్ట్రలీను వంటి కుంగుబాటు మాత్రలు ఒక్క కుంగుబాటే గలవారికి మేలు చేయును. ద్విధ్రువ వ్యాధి గలవారికి, ముఖ్యముగా తీవ్రమైన పొంగు చూచినవారికి, వీనిని ఒంటరిగా నిచ్చినచో కొందరిలో మనస్సు ఒక్కసారిగా పొంగువైపు దూకును. మరికొందరిలో పొంగును కుంగును కలిసి వచ్చును. చావవలెనను తలంపును, ఆ పని చేయుటకు కావలసిన చురుకును ఒకేసారి కలిగిన ఆ స్థితి మిక్కిలి భయంకరమైనది. సరే, మనస్సును నిలకడలో నుంచు మందుతో కలిపి ఇచ్చినచో నేమి యని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు 2007లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన యొకటి సమాధాన మిచ్చినది. 366 మంది రోగులలో కొందరికి నిలకడ మందుతోపాటు కుంగుబాటు మాత్రయు, కొందరికి దానితోపాటు మందులేని ఉత్తమాత్రయు ఇచ్చిరి. చక్కగా కోలుకొని నిలిచినవారు మొదటివారిలో నూటికి 23.5, రెండవవారిలో 27.3. కలిపి యిచ్చుటవలన పొంగు హెచ్చలేదు గాని, కుంగు తగ్గను లేదు. కొందరికి ఈ మాత్ర లుపకరించునను వైద్యులు నేడును కలరు; అయినను ద్విధ్రువ వ్యాధిలో వీనిని మొదటి మందుగా, ఒంటరిగా ఎవరును సిఫారసు చేయరు.

కావున కుంగిన మనిషిని డాక్టరువద్దకు తీసికొనిపోవునప్పుడు ఇంటివారు వెంట పోవలెను. పోయి, గడచిన సంవత్సరములలో నిద్ర తగ్గియు హుషారు హెచ్చిన దినములు ఎప్పుడైన నుండెనా, ఖర్చు మితిమీరెనా, వంశమున ఎవరికైన నట్టి వ్యాధి కలదా యను సంగతులు తామే చెప్పవలెను. పెండ్లిసంబంధములు చెడునని పెద్దతాత పిచ్చిని దాచు అలవాటు తెలుగు కుటుంబములలో తక్కువేమియు కాదు. డాక్టరువద్ద దానిని దాచుట, పాము కరచినచోటును వైద్యునికి చూపకుండుట వంటిది.

మరి ఏ మందు ఇవ్వవలెను? ఈ వ్యాధి మందులలో పెద్దది లిథియం. దాని కథ వినదగినది. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ రెండవ ప్రపంచయుద్ధమున జపానువారికి చిక్కి, సింగపూరులోని చాంగీ ఖైదులో మూడేండ్లకు పైగా గడపెను. ఆ కాలముననే, 1942 మొదలు 1945 వరకు, ఈ దీవులును జపానువారి చేతిలో నుండెనని యిచ్చటి పాతకాపులకు చెప్పనక్కరలేదు. ఖైదులో తోటివారి చిత్తవైకల్యమును చూచిన కేడ్, మనోవ్యాధులకు దేహములోనే కారణ ముండవలెనని నమ్మి, విడుదలయై ఇంటికి పోయిన పిదప చిన్న గదిలో గినీపందులపై పరీక్షలు చేసెను. ముందుగా తానే మ్రింగి చూచి, పదిమంది ఉన్మాదరోగులకు లిథియం లవణము నిచ్చి, 1949లో ఫలితములు ప్రకటించెను. సంవత్సరములతరబడి కట్టుబడియున్నవారు లేచి ఇండ్లకు పోయిరి. కాని ఆయన తొలి రోగియే తరువాత ఆ లవణము దేహమున ఎక్కువై మరణించెను. మందునకును విషమునకును నడుమ దూరము ఇంత తక్కువగా నుండుటచేతనే దాని వాడుక చాలకాలము వ్యాపింపలేదు. డెన్మార్కు దేశపు మోగెన్స్ షౌ మొదలగువారి కృషివలన, రక్తమును పరీక్షించుచు నిచ్చు పద్ధతి స్థిరపడినది.

లిథియం పొంగును అణచును. మరల రాకుండ కాచును. కుంగుదశ నప్పటికప్పుడు తొలగించుటలో దాని వేగ మంత గొప్పది కాదని యొప్పుకొనవలెను. అయినను ఆత్మహత్యలను తగ్గించుటలో దానికున్నంత సాక్ష్యము మరి యే మనోవ్యాధి మందునకును లేదు. ఆ యొక్క గుణమునకే అది వైద్యుని సంచిలో నుండదగును. రక్తమున దాని పరిమాణము లీటరునకు సుమారు 0.6 మొదలు 1.0 మిల్లీమోలుల నడుమ నుండవలెను; 1.5 దాటిన ప్రమాదము. రాత్రి మాత్ర వేసికొన్న పండ్రెండు గంటలకు రక్తము తీయవలెను. మోతాదు మార్చిన వారమునకును, నిలకడగా నున్నప్పుడు మూడునుండి ఆరు మాసముల కొకసారియు చూపించుకొనవలెను. మూత్రపిండములను, థైరాయిడు గ్రంథిని కూడ పరీక్షింపవలెను.

ఈ దీవులలో నివసించు తెలుగువారు లిథియం విషయమున గుర్తుంచుకొనదగినవి కొన్ని కలవు. లిథియం ఉప్పు జాతిది. మూత్రపిండములు ఉప్పును ఎట్లు చూచునో దీనిని నట్లే చూచును. దేహములో నీరును ఉప్పును తగ్గినప్పుడు మూత్రపిండము ఉప్పును పట్టుకొనును, దానితోపాటు లిథియమును పట్టుకొనును. రక్తమున అది పెరిగిపోవును. ఇచ్చటి ఉక్కలో చెమట యెంత పోవునో యెల్లర కెరుకయే. ఇక ఓడ ప్రయాణము. విశాఖపట్టణమునుండి గాని చెన్నపట్టణమునుండి గాని రెండున్నర మూడు దినములు సముద్రముపై నుండవలెను. గాలి రేగినచో వాంతులతో పండుకొన్నవాడు గ్రుక్కెడు నీరైన త్రాగడు, మాత్ర మాత్రము మానడు. అట్టి సమయమున చేతులు బలముగా వణకుట, నడక తూలుట, మాట ముద్దయగుట, మగతగా నుండుట కనిపించినచో అది సముద్రపు జబ్బని ఊరకుండరాదు. మాత్ర నాపి ఓడ డాక్టరునకు చూపవలెను. ప్రయాణమునకు ముందే తన డాక్టరు నడిగి, వాంతులైనచో ఏమి చేయవలెనో వ్రాయించుకొనుట మంచిది.

పథ్యము సంగతి కూడ చెప్పవలసియున్నది. జ్వరము వచ్చినంతనే ఉప్పు కారము లేని చప్పిడి కూడు పెట్టుట తెలుగు తల్లుల అలవాటు. రక్తపు పోటని చెప్పగానే ఆవకాయయు ఎండుచేపయు ఒక్కనాటితో మాన్పింతురు. లిథియం పుచ్చుకొనువానికి ఇట్లు హఠాత్తుగా ఉప్పు మాన్పించుట మందు మోతాదును తెలియకుండ పెంచుటయే యగును. అతడు ప్రతిదినమును ఒకే తీరున ఉప్పు తినవలెను, నీరు బాగుగా త్రాగవలెను. ఒళ్లునొప్పులకు అంగడిలో కొనుకొను ఐబుప్రొఫెను, డైక్లోఫెనాక్ మాత్రలును, రక్తపు పోటునకు వాడు కొన్ని మందులును లిథియమును పెంచును. జ్వరమునకు పారసిటమాలు చాలును.

కుంగుదశకు నేడు మిక్కిలి పరీక్షింపబడిన మందులలో క్వెటియపిన్ ఒకటి. అమెరికాలో దీనికి ఈ పనికై 2006లో అనుమతి లభించినది. రాత్రి నిద్ర తెచ్చును. కాని మగతయు, ఒళ్లు పెరుగుటయు, చక్కెరవ్యాధి పొడసూపుటయు కలవు. తల్లిదండ్రులకు చక్కెరవ్యాధి యున్నవారు ముందే చెప్పవలెను. లురాసిడోను అను మరొక మందు ఒళ్లు పెంచుట తక్కువ. దానిని భోజనముతోనే వేసికొనవలెను, లేకున్న సగమైన వంటబట్టదు. లామోట్రిజిను కుంగుబాటు మరల రాకుండ కాపాడుటలో ప్రసిద్ధము. దానిని మొదటి రెండు వారములు 25 మిల్లీగ్రాములు, తరువాత రెండు వారములు 50, ఇట్లు మెల్లమెల్లగా పెంచవలెను. తొందరపడినచో చర్మము పొక్కి ఊడు ప్రాణాంతకమైన జబ్బు రావచ్చును. దద్దురు కనబడగానే మాత్ర నాపి డాక్టరు నడుగవలెను. అయిదు దినములకు మించి మాత్ర మానినచో పాత మోతాదుతో మొదలిడక మరల క్రిందినుండియే రావలెను. ఓడ ఆలస్యమై మందు అయిపోయినవారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. వాల్‌ప్రోయేటు పొంగునకు మంచి మందే గాని గర్భమందలి శిశువునకు వెన్నెముకను మెదడును చెరచును. పెండ్లియైన, కానున్న యువతులకు దానిని వ్రాయుటకు ముందు డాక్టరు పదిసార్లు ఆలోచింపవలెను. వ్రాసినచో ఇంటివారు అడుగుటకు సిగ్గుపడరాదు.

అన్నము నీరు మానివేసి, చావు తప్ప మాట లేని స్థితి వచ్చినప్పుడు మందులు పనిచేయువరకు వేచియుండుటకు వ్యవధి యుండదు. అట్టివారిని విద్యుచ్చికిత్స లేపి కూర్చుండబెట్టును. 1938లో రోములో మొదలిడిన ఈ చికిత్సను సినిమాలు భూతమువలె చూపించినవి. నేడు మత్తిచ్చి, కండరములు సడలించి చేయుదురు. అట్లు చేయక యిచ్చుట 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము నిషేధించినది. కొంతకాలము మరపు కలుగుట నిజము. ప్రాణము నిలుచుటయు నిజము.

మందులతో పని ముగియదు. ఈ వ్యాధికి నిద్ర ఆయువుపట్టు. పిట్స్‌బర్గు నగరమున ఎలెన్ ఫ్రాంక్ అను విదుషి, లేచుట, తినుట, పనికి పోవుట, పండుకొనుట అను నాలుగింటిని ప్రతిదినమును ఒకే వేళకు జరుపుకొను చికిత్సాపద్ధతి నొకదానిని రూపొందించినది. వినుటకు ఇది చాదస్తముగా నుండును గాని ఫలితము గలది. అండమానులో దీనికొక చిక్కు కలదు. దేశమంతటి గడియారము కాకినాడ సమీపమునుండి పోవు 82½ డిగ్రీల రేఖను పట్టి నడచును. పోర్టుబ్లెయిరు, 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పట్టణము, అంతకు పది డిగ్రీలు తూర్పున నున్నది. కనుక సూర్యుడు గడియారమునకన్న నలుబది నిమిషములు ముందు నడచును. వేసవిలో అయిదింటికే కిటికీలో వెలుగు నిండును. నిద్ర చాలని వారు మందమైన తెర కట్టుకొని, పెందలకడ పండుకొనవలెను. వైర్‌లెస్సు, విమానాశ్రయము, ఓడరేవు, ఆసుపత్రి మున్నగుచోట్ల మార్పు డ్యూటీలు చేయువారికి ఈ వ్యాధి యున్నచో, రాత్రి డ్యూటీ తప్పించుటకై డాక్టరుచే పత్రము వ్రాయించుకొనుట చికిత్సలో భాగమే. మద్యము నిద్ర తెచ్చునను మాట నమ్మరాదు. అది నిద్రను చీల్చి, కుంగును పెంచును.

ఉద్యోగము పోవునను భయముచేత జబ్బును దాచువారు చాలమంది. ఆ భయము నిరాధార మనుటకు వీలులేదు గాని చట్టము వారి పక్షముననే యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున మనోవ్యాధియు చేరినది. ఆ చట్టపు 20వ విభాగము ననుసరించి, ఉద్యోగములో నుండగా వైకల్యము కలిగినవానిని ప్రభుత్వము తొలగింపరాదు, క్రింది హోదాకు దింపరాదు. ఆ పనికి తగనిచో అదే జీతముతో మరొక పనికి మార్చవలెను. 2021లో సుప్రీంకోర్టు, కేంద్ర రిజర్వు పోలీసు దళమందలి ఒక అధికారి వ్యాజ్యమున, మనోవ్యాధికి సంబంధించిన నడవడిపై క్రమశిక్షణ చర్య తీసికొనుట వివక్ష యగునని తీర్పు చెప్పెను. మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము ప్రకారము రోగి వివరములు గోప్యముగా నుంచవలెను. ఆత్మహత్యకు యత్నించినవానిని శిక్షింపరాదు, ఆదుకొనవలెను. అదే చట్టమున మరొక మంచి యేర్పాటున్నది: స్వస్థతగా నున్న కాలమున రోగి, తనకు మరల జబ్బుచేసిన ఏ చికిత్స కావలెనో, ఎవరు తన పక్షమున మాటలాడవలెనో వ్రాసి యుంచవచ్చును. పొంగునందు వినని మనిషి, కుంగునందు మాటలాడలేని మనిషి, తన నిండు బుద్ధితో వ్రాసిన కాగితమది.

ఈ దీవుల పూర్వచరిత్ర తెలిసినవారికి వీని విలువ యెక్కువగా తెలియును. అలీపూరు బాంబు కేసులో శిక్షపడి సెల్యులారు జైలుకు వచ్చిన ఉల్లాస్‌కర్ దత్తు 1912లో చిత్రహింసలపాలై మతి చెడగా, ఆయనను హాడ్డోలోని పిచ్చాసుపత్రిలో నుంచి, పిదప మద్రాసు పిచ్చాసుపత్రికి పంపిరి. ఆ సంవత్సరముననే ఆయన తోటి ఖైదీ ఇందుభూషణ్ రాయ్ కొట్టులో ప్రాణములు తీసికొనెను. అప్పటి పాలకులకు మనోవ్యాధి యన ఖైదుతో తీరవలసిన వ్యవహారము. నేడు ఆ పట్టణముననే గోవింద వల్లభ పంత్ ఆసుపత్రియు, 2015లో మొదలైన వైద్యకళాశాలయు నున్నవి.

బదిలీపై వచ్చుచు పోవుచు నుండు ఉద్యోగులకు ఒక మాట. విశాఖలోనో హైదరాబాదులోనో చికిత్స నడచుచున్నచో, ఏ మందు, ఎంత, ఎప్పటినుండి, కడపటి రక్తపరీక్షలో నెంత వచ్చినది అను సంగతులతో డాక్టరు జాబును వెంట తెచ్చుకొనవలెను. రెండు మాసములకు సరిపడు మందు చేతనుండవలెను. కారునికోబారుకో, కాంప్‌బెల్ బేకో, డిగ్లీపూరుకో ఉత్తరువు వచ్చినచో, లిథియం పరీక్ష అచ్చట జరుగునో లేదో పోకముందే విచారించుకొనవలెను. బాగున్నదిగదా యని మందు మానుట మాత్రము ఎచ్చటను కూడదు. లిథియమును హఠాత్తుగా మానినవారికి వ్యాధి త్వరగాను, తీవ్రముగాను మరలివచ్చును.

ఇంటివారు కుంగినవానితో ఎట్లు మాటలాడవలెను? "లేచి నాలుగడుగులు నడువుము, అదే పోవును" అనుటవలన లాభము లేదు; కాలు విరిగినవానితో ఆ మాట అనరుగదా. "చావవలెనని తోచుచున్నదా" యని సూటిగా అడుగుటవలన ఆ తలంపు కొత్తగా పుట్టదు. లోపల నున్నది బయటికి వచ్చును. ఔనన్నచో ఒంటరిగా విడువరాదు. మాత్రల డబ్బాను, పొలపు మందును, తాడును అందకుండ దాచవలెను. లిథియమే యెక్కువ మ్రింగిన ప్రాణాపాయము గనుక దానిని భార్యయో తల్లియో తనవద్ద నుంచుకొని దినదినమును ఇయ్యవలెను. దగ్గర ఎవరును లేని క్వార్టర్సులో, ఓడలు నిలిచిపోయిన వానదినములలో, 14416 అను టెలిఫోను సంఖ్య కలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ సేవ యది. రేయింబవళ్లు పనిచేయును, పైస ఖర్చులేదు, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సభనుండి ఇంటికి పోవునప్పుడు ఆ యైదంకెలను వ్రాసికొని పోవలెనని కోరిక.